మందుల షాపు వాళ్లు క్రీము పెడితే: పాత కుటుంబాల కథలు తెలిస్తే చెప్పండి

షట్టర్ తీసేవాడు

అందరికీ నమస్కారం. మాది తణుకు దగ్గర ఒక ఊరు. తాతగారి నాటి నుంచి మందుల షాపు. నాన్నగారి మోకాళ్లు మొరాయించాక నేను కూర్చుంటున్నాను. పొద్దున్న ఎనిమిదింటికి షట్టర్ తీస్తే రాత్రి పదిన్నరకి దించడం.

తమ్ముడు బి.ఫార్మసీ చేసి, రెండేళ్లు హైదరాబాద్‌లో ఒక ఫ్యాక్టరీలో క్వాలిటీ కంట్రోల్‌లో పనిచేసి ఇప్పుడు ఇంటికొచ్చాడు. "అన్నయ్యా, ఎన్నేళ్లు కూర్చున్నా మనకొచ్చేది ఎవడో వేసిన ఎమ్మార్పీలో మన మార్జినే. మనదంటూ ఒక మొహం క్రీము పెడదాం" అంటాడు. అమ్మ వాడి పక్షం. నాన్నగారేమో "మందులమ్ముకునే కొంపలో స్నోలూ పౌడర్లూ ఎందుకురా" అని పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు.

సలహాలు వద్దండీ, అవి ఇంట్లోనే కావలసినన్ని ఉన్నాయి. మందుల వైపు నుంచి చర్మం క్రీముల్లోకి వెళ్లిన కుటుంబాలు ఎలా మొదలుపెట్టాయి, ఎక్కడ దెబ్బ తగిలింది, ఎవరు నిలబడ్డారు, ఎవరు అమ్ముకున్నారు, అది చెప్పండి. నాకు తెలిసింది విక్కో పసుపు క్రీము ఒక్కటే. అదీ టీవీ ప్రకటనలో పాట వరకే.

ఇస్త్రీ చొక్కా

విక్కో ఫారిన్ కంపెనీ కదా బ్రో? పేరు అలాగే ఉంది.

నాగపూర్ కమలాపండు

ఫారినూ కాదు ఏమీ కాదు. విష్ణు ఇండస్ట్రియల్ కెమికల్ కంపెనీ, పొట్టిగా విక్కో. విష్ణు అంటే పెట్టినాయన తండ్రి పేరు. మేం ముప్పై ఏళ్లుగా నాగపూర్‌లో ఉంటున్నాం, ఇక్కడ ఆ ఇంటిపేరు తెలియనివాళ్లు తక్కువ.

పెట్టినాయన కేశవ్ పెంఢార్కర్. ఇక్కడ నాగపూర్‌లో చిన్న కిరాణా దుకాణం నడిపేవాడు. ఏవేవో వ్యాపారాలు చేసి, సంసారంతో సహా బొంబాయి వెళ్లాడు. అప్పట్లో బొంబాయి షాపుల అరల నిండా పాండ్స్, నివియా, అఫ్గాన్ స్నో. వాటి మధ్య ఆయుర్వేదం మందు పెట్టి అమ్మాలని ఆయన ఆలోచన. 1952లో పరేల్‌లో ఇంట్లోనే మొదలు. మొదటి సరుకు క్రీము కాదు, పళ్లపొడి. 18 మూలికల వజ్రదంతి. వంటగదిలో చేయడం, కొడుకులు సంచుల్లో వేసుకుని ఇంటింటికీ తిరిగి అమ్మడం. తలుపు మొహం మీద వేసిన వాళ్లే ఎక్కువట.

కొడుకుల్లో గజానన్ ఫార్మసీ చదువుకున్నాడు. షట్టర్ గారూ, అచ్చం మీ తమ్ముడి లెక్కే. పసుపు క్రీము ఈయన హయాంలోదే. కేశవ్ గారు 1971లో పోయారు, క్రీము 1975లో వచ్చింది. అంటే నాన్నగారు చూడనే లేదు. పసుపు సారం, గంధం నూనె. అప్పటికి మార్కెట్లో ఉన్న స్నోలన్నీ తెల్లటివే. పసుపుపచ్చ క్రీము రాసుకుంటే మొహం పచ్చబడుతుందని, దిండు గలేబు పాడవుతుందని జనానికి భయం. పచ్చ అంటుకోదని ఒక్కొక్క షాపులో రాసి చూపించుకుంటే తప్ప నమ్మలేదు.

1984లో దూరదర్శన్‌లో ఒక హిందీ కామెడీ సీరియల్‌ని స్పాన్సర్ చేశాక ఇక ఊరూరా తెలిసింది. గజానన్ గారు 2015లో పోయారు. ఇప్పటికీ అది ఆ కుటుంబం చేతిలోనే ఉంది.

సింహాచలం మెట్లు

నేను సెంట్రల్ ఎక్సైజ్‌లో, అంటే ఫ్యాక్టరీల్లో తయారయ్యే సరుకు మీద పన్ను వేసే శాఖలో, 34 ఏళ్లు చేసి రిటైరైనవాణ్ణి. విక్కో పేరు వినగానే మా డిపార్ట్‌మెంట్ వాళ్లకి గుర్తొచ్చేది పాట కాదు, ఫైలు. షట్టర్ తీసేవాడు గారికి పనికొచ్చేది కూడా అదే కాబట్టి కొంచెం విడమరిచి చెప్తాను.

ఆ పాటలో "విక్కో టర్మరిక్, నహీ కాస్మెటిక్" అని, అంటే ఇది కాస్మెటిక్ కాదని, వస్తుంది చూడండి. మనం దాన్ని ప్రాస కోసం రాసుకున్న ముక్క అనుకుంటాం. కోర్టులో ఆ కుటుంబం ఏళ్ల తరబడి చెప్పుకున్న వాదన కూడా అదే ముక్క! ఏ సరుకుకి ఎంత పన్నో రాసిన మా పాత టారిఫ్‌లో 14-ఎఫ్ అని ఒక ఐటెమ్ ఉండేది. కాస్మెటిక్స్, టాయిలెట్ సరుకులన్నీ అందులోకి. దానికి డ్యూటీ గట్టిగా ఉండేది. ఆయుర్వేద మందు అయితే అందులోకి రాదు. పళ్లపొడి, పళ్లపేస్టు, పసుపు క్రీము మూడూ కాస్మెటిక్సేనని డిపార్ట్‌మెంట్, కాదు మందులేనని వాళ్లు. 1978లో కోర్టుకెక్కారు. 1988లో బాంబే హైకోర్టులో కూడా వాళ్లదే పైచేయి.

అక్కడితో అయిపోయిందా? 1985లో కొత్త టారిఫ్ చట్టం వచ్చింది. మందులకి 30వ అధ్యాయం, సౌందర్య సాధనాలకి 33వ అధ్యాయం. పాత తీర్పు పాత చట్టానికి, ఇప్పుడు చట్టం మారింది కాబట్టి మళ్లీ కట్టండి అని మావాళ్లు నోటీసులిచ్చారు. మళ్లీ మొదటి నుంచి. 2004 చివర్లో సుప్రీంకోర్టు విక్కో వైపే చెప్పేదాకా నడిచింది. 1978 నుంచి లెక్కేస్తే 26 ఏళ్లు. కేసు వేసినప్పుడు పుట్టిన పిల్లకి పెళ్లి వయసు వచ్చింది.

డిపార్ట్‌మెంట్ వైపు వాదన ఏమిటంటే: డాక్టర్ చీటీ అక్కర్లేదు, కిరాణా కొట్లో కూడా దొరుకుతుంది, రోజూ వాడతారు, మరి మందెలా అవుతుంది? కోర్టు ఏమందంటే: చీటీ లేకుండా అమ్మినంత మాత్రాన మందు మందు కాకుండా పోదు. అందులో ఏమున్నాయి, కొనేవాడు దేనికని కొంటున్నాడు, అది చూడాలి.

ఇంత చదివి, ఆయుర్వేదం అని రాసేస్తే చాలనుకోకండి. బైద్యనాథ్ వాళ్ల ఎర్ర పళ్లపొడి, దంత్ మంజన్ లాల్, 1995లో అదే సుప్రీంకోర్టులో ఓడిపోయింది. అదీ మూలికలే, అదీ ఆయుర్వేదమే. జనం దాన్ని పళ్లు తోముకునే పొడి అనుకుంటున్నారు తప్ప మందు అనుకోవడం లేదని తీర్పు. అదే సంవత్సరం సెల్సన్ షాంపూ మాత్రం మందుగా గెలిచింది, ఎందుకంటే అందులో సెలీనియం సల్ఫైడ్ 2.5 శాతం, చుండ్రుకి చికిత్స మోతాదు. పేరు షాంపూయే, సీసా షాంపూయే, అయినా మందు.

మా ఆవిడ అప్పట్లో పసుపు క్రీము వాడేది. నేను ఆఫీసులో దాన్ని కాస్మెటిక్ అంటూ నోటు రాసి ఇంటికొస్తే, ఆవిడ "మొటిమలకి మందండీ ఇది" అనేది. చివరికి సుప్రీంకోర్టు ఆవిడ మాటే ఖాయం చేసింది.

ఇస్త్రీ చొక్కా

సార్ ఇంట్లో కేసు 26 ఏళ్లు పట్టలేదు కదా 😄

సింహాచలం మెట్లు

ఇంట్లో మొదటి రోజే ఓడిపోయాను నాయనా.

షట్టర్ తీసేవాడు

మెట్లు గారూ, చాలా థ్యాంక్సండీ. మా తమ్ముడికి మొత్తం చదివి వినిపించాను. ఇప్పుడు ఎక్సైజ్ లేదు కదా, ఈ గొడవ పోయినట్టేనా?

సింహాచలం మెట్లు

పేరు మారింది, గొడవ అదే. 2017 జూలైలో జీఎస్టీ వచ్చిన కొత్తలో ఆయుర్వేద మందుకి 12 శాతం, అందం క్రీముకి 28 శాతం. నవంబరులో క్రీములని 18కి దించారు. ఆ తర్వాత కూడా రేట్లు మారాయి, అవి మీ ఆడిటర్‌ని అడగండి. రేటు సంగతి కంటే ముందు, డబ్బా మీద మందు అని రాస్తారా, క్రీము అని రాస్తారా అన్నది తేల్చుకోండి. లైసెన్సు దగ్గర్నుంచి ప్రకటన దాకా అన్నీ ఆ ఒక్క మాట మీదే ఆధారపడతాయి.

పెన్నా ఒడ్డు

నెల్లూరులో టీచరుగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు అమెరికాలో ఎడిసన్‌లో అమ్మాయి దగ్గర ఆరు నెలలు. పగలంతా పనేం లేదు కాబట్టి ఈ చర్చ మొత్తం చదివాను.

ఇక్కడ న్యూయార్క్‌లో మీరడిగినలాంటి కొట్టు ఒకటి ఉంది. కీల్స్ అంటారు. మా అమ్మాయి ఆ క్రీమే రాస్తుంది. పోయిన శనివారం తీసుకెళ్లమంటే తీసుకెళ్లింది. మన్‌హాటన్‌లో థర్డ్ అవెన్యూ, 13వ వీధి మూల. 1851లో అక్కడ పెట్టిన మందుల షాపు అది. మనకింకా సిపాయిల తిరుగుబాటు జరగలేదు, చూసుకోండి.

గోడ మీద పలక ఉంది. ఆ మూలని బేరి చెట్టు మూల అనేవాళ్లట. డచ్చి వాళ్లు ఏలినప్పుడు గవర్నరు స్టైవెసెంట్ నాటిన బేరి చెట్టు రెండొందల ఏళ్ల పైన బతికి, 1867లో బండి గుద్ది పడిపోయింది. కంపెనీ వాళ్లు 2003లో మళ్లీ ఒక బేరి మొక్క నాటారు. చెట్టు కింద కాసేపు నిలబడ్డాను, కాయలేం కనపడలేదు.

జాన్ కీల్ అనే ఆయన మొదట ఆ షాపులో పని నేర్చుకునే కుర్రాడు. 1894లో షాపు ఆయనదయింది. ఆయన దగ్గర పనిచేసిన ఇర్వింగ్ మోర్స్ 1921లో కొనుక్కున్నాడు. ఈయన రష్యా నుంచి వచ్చిన యూదుల కుటుంబం, కొలంబియాలో మందుల శాస్త్రం చదివాడు. అంటే వరసగా రెండుసార్లు గుమాస్తాయే యజమాని అయ్యాడన్నమాట. మూలికల కషాయాలు, నూనెలు, లేపనాలు, డాక్టర్ చీటీల మందులు అన్నీ ఒకే బల్ల మీద. తర్వాత కొడుకు ఆరన్ మోర్స్. రెండో ప్రపంచ యుద్ధంలో విమానం నడిపాడు. షాపు అందం సరుకు వైపు తిరిగింది ఈయన చేతుల్లోనే. 1964లో మొహానికి రాసుకునే నీలం రంగు ద్రవం, ఆస్ట్రింజెంట్ అంటారు, ఒకటి చేశాడు, ఇప్పటికీ అమ్ముతున్నారు.

నాకు నచ్చింది చెప్పనా? ఆరన్ గారు షాపులో తన మోటారు సైకిళ్లు తెచ్చి పెట్టాడట. భార్యలు క్రీములు చూసుకుంటుంటే వెంట వచ్చిన మొగుళ్లకి కాలక్షేపం ఉండాలి కదా! ఇప్పటికీ ఒక మోటారు సైకిలు ఉంది, పక్కన ఎముకల గూడు కూడా వేలాడుతోంది. మా అల్లుడు అరగంట అక్కడే నిలబడ్డాడు. ఆరన్ గారి ఆలోచన ఇంకా పనిచేస్తోంది.

ఇంకోటి, శాంపిల్స్. ప్రకటనలు ఇచ్చేవాళ్లు కాదట, అడిగినవాళ్లకల్లా చిన్న ప్యాకెట్లు చేతిలో పెట్టి పంపిస్తారని పేరు. నాకూ నాలుగిచ్చారు. ఏమీ కొనలేదు నేను.

ఆరన్ తర్వాత కూతురు జేమీ, ఆమె భర్త నడిపారు. భర్త ఆస్ట్రియా వాడు, మంచు మీద స్కీయింగ్ పందేల్లో పేరున్నవాడు. డిపార్ట్‌మెంట్ స్టోర్ల వాళ్లు సరుకు కావాలని వెంటపడ్డారు. సరుకు అందించలేకపోయారు. 2000లో లొరియల్‌కి అమ్మేశారు.

ఇస్త్రీ చొక్కా

అంటే మూడు తరాలు కష్టపడి చివరికి అమ్ముకున్నారు. సో శాడ్.

పెన్నా ఒడ్డు

శాడ్ ఏముంది నాయనా. ఆ అమ్మాయి ఎంతకాలం చేస్తుంది? సరుకు అడిగినవాళ్లకి అడిగినంత పోయలేక రాత్రీ పగలూ ఆ షాపే. బడి నడిపినదాన్ని, నాకు తెలుసు ఆ బాధ. కొన్న లొరియల్ కూడా ఒక కెమిస్టు 1909లో పెట్టిందే, ఇప్పటికీ అందులో పెద్ద వాటా ఆయన వారసులదే. ఒక కుటుంబం చేతిలోంచి ఇంకో కుటుంబం చేతిలోకి పోయిందనుకోండి.

అంబర్‌పేట్ గల్లీ

అమ్మా, అమెరికా దాకా ఎందుకు, మా గల్లీకి రండి. జిందా తిలిస్మాత్. 1920లో హకీం మొహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ సాబ్ పెట్టిండు. వందేళ్లు దాటింది, ఇప్పటికి వాళ్ల ఖాందానే నడుపుతున్నరు. ఫ్యాక్టరీ మా అంబర్‌పేట్‌లనే. చిన్నప్పుడు సైకిల్ మీద ఆ రోడ్డున పోతుంటె నీలగిరి తైలం వాసన వచ్చేది, ముక్కు దిబ్బడ దానంతటదే పోయేది.

డబ్బా మీద బొమ్మ చూసిన్రా? ఆఫ్రికా సిపాయి. నిజాం ఫౌజుల ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ ఉండె, హబ్షీలంటరు. వాళ్లలెక్క బలం వస్తదని ఆ బొమ్మ. నీలగిరి తైలం, కర్పూరం, పుదీన పువ్వు, వాము పువ్వు, రంగు కోసం రతన్‌జోత్. ఎన్నడూ ఇంకో పది రకాలు పెట్టలే. ఇదొకటి, ఫారూఖీ పళ్లపొడి, జిందా బామ్, అంతె. దగ్గుకు, జలుబుకు, కడుపు నొప్పికి, తేలు కుట్టినా మా నానమ్మ ఇదే రాసేది.

కొత్త సభ్యుడు 88

టాపిక్ చర్మం క్రీములు. జలుబు మందు కాదు. దయచేసి చర్చ దారి తప్పించకండి.

అంబర్‌పేట్ గల్లీ

అన్నా, తేలు కుట్టేది చర్మం మీదనే కద.

నాగపూర్ కమలాపండు

😂 ఆ లెక్కన అమృతాంజనం కూడా చెప్పుకోవాలి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు, మన కృష్ణా జిల్లా ఎలకుర్రు మనిషి. 1893లో బొంబాయిలో పెట్టారు. అంతకు ముందు కలకత్తాలో మందుల తయారీ నేర్చుకున్నారు. కొత్తలో సంగీత కచేరీల్లో ఊరికే పంచిపెట్టేవారట. కీల్స్ వాళ్ల శాంపిల్స్‌కి ముందే మన పంతులుగారు చేసిన పని అది. తలనొప్పి డబ్బుతో 1908లో ఆంధ్రపత్రిక పెట్టారు, అది వేరే కథ. తర్వాత అల్లుడు శివలెంక శంభుప్రసాద్ గారు నడిపారు. ఇక ఆపేస్తాను, 88 గారికి కోపం వస్తుంది.

ఖరగ్‌పూర్ క్వార్టర్స్

మా తాత రైల్వేలో పనికోసం శ్రీకాకుళం నుంచి ఖరగ్‌పూర్ వచ్చాడు. నేను పుట్టింది ఇక్కడే. ఇక్కడ తెలుగోళ్ల ఇళ్లల్లో కూడా దేవుడి అరలో విభూతి, అద్దం దగ్గర బోరోలిన్. చలికాలం వస్తే పెదాలకి, మడమలకి, కాలిన చోట, కోసుకున్న చోట, చెప్పు కరిచిన చోట. మా అమ్మ పెనం అంటుకున్నా అదే, నాన్నకి షేవింగులో గాటు పడినా అదే.

1929లో కలకత్తాలో గౌర్‌మోహన్ దత్తా పెట్టాడు. అంతకు ముందు ఆయన విదేశీ సరుకు దిగుమతి చేసి అమ్మేవాడు. స్వదేశీ ఉద్యమంలో పడి, దిగుమతి మానేసి సొంతంగా చేశాడు. జి.డి. ఫార్మాస్యూటికల్స్ అంటే ఆయన పేరే. బోరిక్ యాసిడ్‌లోంచి బోరో, నూనెకి లాటిన్ మాట ఓలియం, దాంట్లోంచి ఓలిన్. లోపల బోరిక్ పౌడర్, జింక్ ఆక్సైడ్, లానొలిన్, మూడే ముఖ్యం. లానొలిన్ అంటే గొర్రె ఉన్నికి ఉండే జిడ్డు. అందుకే అంత జిగట. ఎండాకాలం రాసుకుంటే మొహం మీద ఈగ వాలినా అతుక్కుంటుంది, ఒప్పుకోవాలి.

ఆకుపచ్చ ట్యూబు, ఏనుగు బొమ్మ. చదువురాని వాళ్లు షాపుకెళ్లి ఏనుగు క్రీము ఇవ్వమంటారు. 1947 ఆగస్టు 15న లక్ష ట్యూబులు ఊరికే పంచామని కంపెనీ చెప్పుకుంటుంది. ఇప్పటికీ దత్తాలదే, మూడో తరం నడుపుతోంది.

షట్టర్ గారూ, మీ తమ్ముడికి ఇది చెప్పండి. బోరోలిన్ మెడికల్ షాపులో దొరుకుతుంది, ఫ్యాన్సీ షాపులో దొరుకుతుంది, రైల్వే ప్లాట్‌ఫారం మీద కూడా దొరుకుతుంది. ఎక్కడ దొరికినా అది గాయం మందు. తెల్లబడతారని ఎన్నడూ అమ్మలేదు. మా వాడలో నల్లగా ఉన్న పిల్లలకి ఎవరూ ఏ క్రీమూ చూపించి వేళాకోళం చేయలేదంటే, అద్దం దగ్గర ఉన్నది బోరోలిన్ కాబట్టేనని నాకనిపిస్తుంది. మరీ ఎక్కువ చెప్పానేమో.

కల్వం

ఎక్కువేం కాదు. 

నేను కంపెనీల గురించి చెప్పను, బల్ల వెనక సంగతి చెప్తాను. మా తాత రాజమండ్రిలో ఒక పెద్ద మందుల షాపులో కాంపౌండరు. అప్పుడు మందంటే స్ట్రిప్పు కాదు. డాక్టర్ చీటీ వస్తే నూరడం, కలపడం, పొట్లం కట్టడం, సీసా మీద కాగితం కత్తిరించి డోసు గీతలు అతికించడం. చర్మం మందులన్నీ అక్కడే కలిపేవాళ్లు. తామరకి వైట్‌ఫీల్డ్ ఆయింట్‌మెంట్: బెంజోయిక్ యాసిడ్ 6 శాతం, సాలిసిలిక్ 3 శాతం. చెమటకాయలకి కాలమైన్, ఆ గులాబి రంగు ఇనుము ఆక్సైడ్‌ది. ఇక చలికాలం వస్తే కోల్డ్ క్రీము. దానికి చీటీ అక్కర్లేదు. అంటే అందం సరుకు బయటి నుంచి మందుల షాపులోకి రాలేదండీ, అదే బల్ల మీద పుట్టింది. షట్టర్ గారి నాన్నగారికి ఈ మాట చెప్పండి.

తాత చేసేటప్పుడు నేను పక్కన కూర్చుని చూసేవాణ్ణి, షాపు మానేశాక ఇంట్లో చేసేవాడు. తేనెమైనం 16 పాళ్లు, లిక్విడ్ పారఫిన్ 50, బోరాక్స్ 1, మిగతాది పన్నీరు. ఒక గిన్నెలో మైనం, నూనె కరగబెట్టాలి. ఇంకో గిన్నెలో పన్నీట్లో బోరాక్స్ కరిగించి వేడి చేయాలి. రెండూ 70 డిగ్రీలు. తాత దగ్గర థర్మామీటరు ఉండేది కానీ చూసేవాడు కాదు, గిన్నెకి చెయ్యి దగ్గరగా పెట్టి "ఆఁ" అనేవాడు. నీళ్లని నూనెలో సన్నటి ధారగా పోస్తూ ఒకే వైపు కలపాలి. పోస్తుండగానే పసుపుగా ఉన్న నూనె ఒక్కసారిగా తెల్లగా మారిపోతుంది. చిన్నప్పుడు అది చూడ్డానికే కూర్చునేవాణ్ణి. నీళ్లు చల్లగా ఉన్నాయో, మైనం ఎక్కడికక్కడ గడ్డకట్టి పాలు విరిగినట్టు విరుగుతుంది. చల్లారేదాకా చెయ్యి ఆపకూడదు. ఆపితే మధ్యలో నీరు ఊరుతుంది.

స్నో అనేది వేరే సంగతి, అది స్టియరిక్ యాసిడ్‌తో. రాస్తే ఇంకిపోయి కనపడకుండా పోతుంది కాబట్టి వానిషింగ్ క్రీం అనేవాళ్లు. తాతకి అది నచ్చేది కాదు. "రాసింది కనపడకపోతే రాసినట్టు ఎలా తెలుస్తుందిరా" అనేవాడు.

తెల్లకోటు మడత

చర్మవ్యాధుల విభాగంలో పీజీ చేస్తున్నాను. కథలన్నీ బాగున్నాయి కానీ ఒకటి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

మా ఓపీకి రోజూ వచ్చే ఆడపిల్లల్లో ఎంతోమంది మొహం ఒకేలా ఉంటుంది. బుగ్గలు ఎర్రగా, కింద సన్నటి నరాలు కనపడుతూ, చిన్న చిన్న పొక్కులు, గడ్డం మీద వెంట్రుకలు. ఎండలోకి వెళ్తే మంట. ఏం రాస్తున్నావమ్మా అంటే బ్యాగులోంచి స్టెరాయిడ్ ట్యూబు తీస్తారు. ఎవరిచ్చారంటే "మెడికల్ షాపతను". మొదటి వారం తెల్లగా నిగనిగలాడుతుంది, అందుకే మానరు. మానితే రెట్టింపు మంట. చర్మం పలచబడిపోతుంది. డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుల జాబితా షెడ్యూలు హెచ్. పైపూతలకి అందులో ఒక మినహాయింపు ఉండేది, దాని చాటున ఇవి చీటీ లేకుండా అమ్ముడుపోయేవి. 2018లో 14 స్టెరాయిడ్ పూతలకి ఆ మినహాయింపు తీసేశారు. అయినా దొరుకుతూనే ఉన్నాయి.

షట్టర్ గారూ, మిమ్మల్ని అనడం లేదు. మీ తమ్ముడి క్రీము రెండు వారాల్లో ఏ మార్పూ చూపించకపోతే జనం ఊరుకోరు. "పక్క షాపులో ఇచ్చింది వారంలో పనిచేసింది" అంటారు. అప్పుడేం చేస్తాడో ఇప్పుడే ఆలోచించుకోమనండి. ఇంకొకటి, తెల్లమచ్చలు నయం చేస్తుందని పొరపాటున కూడా డబ్బా మీద రాయొద్దు. 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టంలో, నయం చేస్తామని ప్రకటించకూడని జబ్బుల జాబితాలోనే దాని పేరు ఉంది. కేసవుతుంది.

సింహాచలం మెట్లు

డాక్టరమ్మ చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. లైసెన్సు గురించి కూడా ఒక మాట. సొంత ఫ్యాక్టరీ కట్టక్కర్లేదు, లోన్ లైసెన్స్ అని ఉంటుంది. లైసెన్సున్న వేరేవాళ్ల ఫ్యాక్టరీలో మీ పేరు మీద చేయించుకోవచ్చు. కాస్మెటిక్ అయితే 2020 నాటి కాస్మెటిక్స్ రూల్సు, ఆయుర్వేదమని రాస్తే ఆయుష్ వైపు, అంటే ఆయుర్వేదం లాంటి వైద్యాలు చూసే శాఖ వైపు, వెళ్లాలి. ఇంటి వంటగదిలో చేసి అమ్ముతామంటే పెంఢార్కర్ గారి కాలం కాదిది.

షట్టర్ తీసేవాడు

వారం రోజులు రాలేదు, క్షమించండి. ఊళ్లో జ్వరాలు, షాపు నుంచి తల ఎత్తడానికి లేదు.

డాక్టరు గారు రాసింది చదివి నాకు కడుపులో తిప్పింది. మా షాపులో కూడా ఆ ట్యూబులు పోయేవి. చీటీ తెచ్చావా అని అడగడం నేను మొదలుపెట్టింది రెండేళ్ల కిందటే. దానికి ముందు అడగలేదు. మా వీధిలోనే ఒకమ్మాయికి అమ్మాను, ఆ అమ్మాయి ఇప్పుడు చున్నీ మొహానికి చుట్టుకుని తిరుగుతుంది. ఎండకనుకునేవాణ్ణి.

కల్వం గారి పోస్టు నాన్నగారికి చదివి వినిపించాను. పేపరు దించారు. "బోరాక్స్ ఒక్క పాలే వేయాలి, మీ తాతా అంతే వేసేవాడు" అన్నారు. మా తాతగారు కోల్డ్ క్రీము చేసేవారని ఇంట్లో ఎవరికీ తెలియదు! అటక మీంచి పింగాణీ కల్వం దింపించారు. అంచు పగిలింది కానీ పనికొస్తుంది.

నిన్న ఆదివారం మధ్యాహ్నం షట్టర్ సగం దించి, తమ్ముడు వెనక గదిలో చేశాడు. అమ్ముకోడానికి కాదు, ఊరికే. థర్మామీటరు పెట్టాడు, రెండూ 70 డిగ్రీలే. లెక్క ప్రకారమే తూచాడు. పోస్తుంటే మీరన్నట్టే ఒక్కసారి తెల్లబడింది, అమ్మ "అబ్బ" అంది. చల్లారాక చూస్తే బాగానే కుదిరింది కానీ, రాసుకుంటే సన్నటి ఇసుకలా గరగరలాడుతోంది. నాన్నగారు వేలితో రాసి చూసి, ఏమీ అనకుండా కడుక్కున్నారు. తమ్ముడు పొద్దుట్నుంచి మొహం మాడ్చుకుని ఉన్నాడు. తప్పెక్కడంటారు?

కల్వం

బోరాక్స్ మిగిలిపోయి పలుకులు కట్టింది. కానీ ఒక్క పాలే వేశారంటున్నారు కాబట్టి తప్పు బోరాక్స్‌ది కాదు, మైనానిది. అసలు తేనెమైనంలో ఉన్న ఆమ్లమే బోరాక్స్‌ని పట్టుకుని సబ్బులా కట్టేది. మైనంలో కొవ్వొత్తుల పారఫిన్ కలిపి ఉంటే పట్టుకునేది సగమే, మిగతా బోరాక్స్ పలుకులే. మైనం ఎక్కడ కొన్నారు? ముక్క విరిచి చూడమనండి మీ తమ్ముణ్ణి. అసలుదైతే విరిగిన చోట రవ్వరవ్వగా ఉంటుంది, తేనె వాసన వస్తుంది.

షట్టర్ తీసేవాడు

పూజ సామాన్ల కొట్లో కొన్నామండీ. నున్నగా విరిగింది.